మొలకల రాగులు, గంజి, గడియారం

అనంతపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కడపలో సైన్సు ఉపాధ్యాయుడిగా చేరిన నీవు, ఎంజైముల పాఠాన్ని పిల్లలకు చేసి చూపడానికి ప్రయోగశాలలో సరైన రసాయనాలు లేవని రాశావు. మొలకెత్తిన రాగుల పిండి, అన్నం వార్చిన గంజి, అయోడిన్ ద్రావణం, ఒక గడియారం ఉంటే చాలు. వీటిలో గడియారాన్ని మాత్రం మరవకు. ఎంజైము చేసేది చర్య వేగాన్ని పెంచడమే కాబట్టి, నిమిషాలు లెక్కించకపోతే పిల్లలు రంగు మారడాన్ని చూస్తారే గాని వేగాన్ని చూడరు.

రాగులు మొలకెత్తేటప్పుడు, గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైము తయారవుతుంది. మొలకల పిండి కలిపిన జావ పలచబడేది అందుకే (సంగటికి ఆ పిండి పనికిరాదని మీ అమ్మ చెప్పే ఉంటుంది). ఒక చెంచా పిండిని గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి వడగట్టు. ఆ తేటను బాగా పలచన చేసిన గంజిలో కలిపి, నిమిషానికొక చుక్కను తెల్లని పళ్ళెంలో వేసి, అది చల్లారాకే అయోడిన్ చేర్చు. పిండిపదార్థం ఉన్నంతవరకూ అయోడిన్ నీలం రంగు ఇస్తుంది, కానీ వేడి మీద ఆ రంగు నిలవదు గనుక, తొందరపడితే చర్య ముగిసిందని పొరబడతావు. నీలం కనిపించని మొదటి నిమిషాన్ని నల్లబల్ల మీద రాయించు. తేట కలపని గంజి పక్కనే ఉండాలి. అది పీరియడ్ అంతా నీలంగానే మిగులుతుంది. తేటను సగానికి తగ్గిస్తే పట్టే సమయం దాదాపు రెట్టింపవుతుంది.

కర్నూలులో నా తొలి ఏడాది, మరుగుతున్న గంజిలోనే తేట పోసి, ఎంతసేపు చూసినా నీలం పోక పిల్లల ముందు తెల్లముఖం వేశాను. ఎంజైము ప్రోటీను, మరిగితే దాని ఆకృతి చెడి, చల్లార్చినా తిరిగి పనిచేయదు. మంచులో ఉంచితే మాత్రం వేగం తగ్గుతుందే గాని ఎంజైము చెడిపోదు, వెచ్చబడగానే మళ్ళీ పనిలోకి దిగుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కనే చూపించు.

ఎంజైము వేగాన్ని ఎలా పెంచుతుందని అడిగితే, కడప నుంచి రాయచోటికి వెళ్ళే దారిలోని గువ్వలచెరువు ఘాటును గుర్తుచేయి. ఎంజైము బండికి బలం ఇవ్వదు, ఎక్కవలసిన ఎత్తును తగ్గిస్తుంది. ఆ ఎత్తే ఉత్తేజన శక్తి, అంటే చర్య జరగడానికి కావలసిన కనీస శక్తి. కడప, రాయచోటి ఉన్నచోటనే ఉన్నట్లు, చర్య చివరికి చేరే సమతాస్థితి మారదు, త్వరగా చేరుతుందంతే. పైగా ఎంజైము ఖర్చయిపోదు.

గంజి చిక్కగా ఉంటే నీలం పోయేలోపు గంట కొట్టేస్తారు. అందుచేత ముందురోజు ఇంట్లో ఒకసారి చేసి, ఎనిమిది పది నిమిషాల్లో ముగిసేలా గంజినీ తేటనూ సరిచూసుకో.

ఇట్లు,
మీ మామయ్య