పదో రోజు కథ రాయబోతున్న చిట్టికి

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

దీపావళి కథల పోటీకి పదో రోజు తంతు మీద, అదే భర్త పోయిన మనిషికి గాజులూ బొట్టూ తీసేసే ఆ తంతు మీద, కథ రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇళ్ళలో ఆడపిల్లలు ఆ రోజు ఏడుస్తూ కూర్చున్నారు, లేదంటే చూడకూడదని పక్కింటికి పంపితే వెళ్ళి కూర్చున్నారు. కాగితం మీద పెడతానన్నది నువ్వే. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ వెంటనే, కథ పేరు 'పగిలిన గాజులు' అంది మీ అమ్మ. ఇక నాకు నిద్ర పట్టలేదు.

మామూలు జాగ్రత్తలు ముందే చెప్పేస్తాను. పదిహేను వందల మాటలు అడిగితే రెండు వేలు రాసి కొయ్యి. ఒక్క రోజులో జరిగే కథ, ఒక్కరి కళ్ళతో చెప్పు. ఆరుగురికి మించి పేర్లు పెట్టకు. ఎక్కడా ప్రచురణ కాలేదని హామీ అడుగుతారు కాబట్టి ముందే ఫేస్‌బుక్‌లో పెట్టెయ్యకు.

ఇప్పుడు గాజుల సంగతి. ఆచారాల మీద కథ రాసేవాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న తప్పు ఇదే, అందుకే దీని మీదే ఎక్కువ రాస్తాను. తెలుగు కథలో గాజు పగిలిందంటే పాఠకుడు మిగతా పేజీలు చదవనక్కర్లేదు. ఆరిన దీపం, రాలిన పువ్వు, చెరిగిన కుంకుమ, పంజరంలో చిలక, అన్నీ అదే కోవ. వాటి అర్థం ముందే నిండిపోయి ఉంది, నువ్వు కొత్తగా పోయడానికి జాగా లేదు. అది చిన్న నష్టం. పెద్ద నష్టం ఇంకోటుంది. గాజులంటే సౌభాగ్యం, పగిలితే అది పోయినట్టే అన్న లెక్క ఆ తంతుదే. దాన్నే నువ్వు ప్రతీకగా తీసుకుంటే, తంతును తిడుతూనే దాని లెక్కను ఒప్పుకున్నట్టు. పసిపిల్ల చేతికి నల్లగాజులు వేసేనాటికి మొగుడెక్కడున్నాడే? ఎందుకు చేస్తున్నామో అడగకుండా చేసేదే గుడ్డి ఆచారమైతే, ఎందుకు వాడుతున్నామో అడగకుండా వాడే ప్రతీక కూడా అదే. ఆచారాన్ని నిలదీసే కథ ఆ గుడ్డితనంతోనే మొదలైతే ఎలా?

మరేం చెయ్యాలంటావు. ఆ రోజు ఆ ఇంట్లో ఉండే వస్తువులన్నీ ఒక కాగితం మీద రాసుకో. ముప్ఫై దాకా తేలతాయి. శాస్త్రం చెప్పినవన్నీ కొట్టెయ్యి: పసుపు, కుంకుమ, పువ్వులు, మెట్టెలు. మిగిలినవి చూడు. అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు, భోజనాలవాడి బిల్లు, ఎవరో మర్చిపోయిన ఫోన్ చార్జరు, పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర. నేనైతే చీరను పట్టుకుంటాను, కథను ఆ చీర కొన్న తమ్ముడి భార్య కళ్ళతో చెబుతాను.

మొదటిసారి అది కొట్లో కనబడాలి, కథ మొదటి పాతిక భాగంలోనే. సేల్స్‌మాన్ "ఫంక్షన్‌కా మేడమ్?" అంటాడు. ఆవిడ తల ఊపుతుంది. పదిహేను వందల లోపు, మరీ ముదురు రంగు వద్దు అంటుంది. ఎందుకు వద్దో అతనడగడు, నువ్వూ చెప్పకు. రెండోసారి తెల్లవారుజామున, గది గుమ్మంలో. చీర అందుకుంటూ ఆడపడుచు అలవాటుగా "ఫాల్ కుట్టించావా?" అంటుంది. మూడోసారి ఎక్కడన్నది నీ ఇష్టం. మూడు చాలు, నాలుగోసారి వస్తే పాఠకుడు నీ చెయ్యి చూసేస్తాడు. వచ్చిన ప్రతిసారీ దానితో ఏదో ఒక పని జరగాలి: కొనడం, ఇవ్వడం, దాచడం. దాని గురించి ఏ పాత్రా వ్యాఖ్యానించకూడదు. రాశాక చీరను తీసేసి చదువు. కథ ఏమీ తేడా లేకుండా నడిచిందా, అది ప్రతీక కాలేదన్నమాట, అలంకారంగా ఉండిపోయింది.

షిర్లీ జాక్సన్ 'ది లాటరీ' ఈ వారమే చదువు. 1948 జూన్ 26 న్యూయార్కర్ పత్రికలో వచ్చిన అమెరికన్ కథ. ఒక ఊళ్ళో ఏటా చీట్లు తీసి, గుర్తున్న చీటీ వచ్చిన మనిషిని అందరూ కలిసి రాళ్ళతో కొట్టి చంపుతారు. రెండుసార్లు చదువు, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. రెండో పేరాలోనే పిల్లలు రాళ్ళు ఏరుతుంటారు, నున్నగా గుండ్రంగా ఉన్నవి. ఆడుకుంటున్నారనుకుంటాం. చీట్లు తీసే నల్లపెట్టె రంగు వెలిసి, ఒక పక్క చెక్క లేచిపోయి ఉంటుంది. కొత్తది చేయిద్దామని ఏటా మాట వస్తుంది, ఏటా పోతుంది. పూర్వం చెక్కముక్కలు వేసేవాళ్ళు, ఊరు మూడు వందలు దాటాక కాగితం ముక్కలకు మారారు. పాడే పాట పోయింది, పెట్టాల్సిన వందనం పోయింది. రాళ్ళు విసరడం మాత్రం అందరికీ గుర్తుంది. అంటే సదుపాయం కోసం ఏదైనా మార్చుకుంటారు, బలిని తప్ప.

మన దగ్గర జరుగుతున్నదీ అదే చిట్టీ. ఏటి ఒడ్డున చెయ్యాల్సింది అపార్ట్‌మెంట్ బాత్‌రూమ్‌లోకి వచ్చింది. పురోహితుడు ఇంకో ఇంటికి వెళ్ళాలని గంట ముందుకు జరిపారు. గాజుపెంకులు కాళ్ళకు గుచ్చుకోకుండా కింద పాత తువ్వాలు పరుస్తారు. అందరి వీలూ చూస్తారు, పీట మీద కూర్చున్న మనిషిని తప్ప. ఈ చిన్న సర్దుబాట్లను వరసగా, ఏ విమర్శా లేకుండా చెప్పుకుంటూ పో. నీ కథకు అంతకన్నా ఆయుధం అక్కర్లేదు.

జాక్సన్ కథలో చివరికి బలయ్యే టెస్సీ హచిన్సన్ ఆలస్యంగా, నవ్వుతూ వస్తుంది. అంట్లు తోముతూ ఏ రోజో మర్చిపోయానంటుంది. చీటీ తన ఇంటికి వచ్చాకే ఇది అన్యాయమని అరుస్తుంది. అది చాలదన్నట్టు, పెళ్ళయిన కూతురిని కూడా లెక్కలోకి లాగబోతుంది! ఇంతసేపూ పక్కన నిలబడి స్నేహంగా మాట్లాడిన ఆవిడే రెండు చేతులా ఎత్తాల్సినంత రాయి తీసుకుంటుంది. ఇందులో దుర్మార్గులెవరూ లేరు, దడ పుట్టేది అందుకే. నీ కథానాయిక కూడా ఒకప్పుడు ఇంకొకరి పదో రోజున పసుపు గిన్నె అందించిన మనిషే అయ్యుండాలి. ఒక్క వాక్యంలో చెప్పు, చాలు.

నా అసలు భయం దగ్గరికి వస్తున్నాను. గాజులు తీసే ఆ ముసలివాళ్ళను రాక్షసుల్ని చేస్తావేమోనని. ఆ పని చేసేది చాలాచోట్ల అంతకు ముందు అదే పీట మీద కూర్చున్నవాళ్ళే. ఒక్కొక్కరికీ ఒక కారణం ఇవ్వు. ఒకావిడకి కొడుకు కాపురానికి దోషం తగులుతుందన్న భయం, ఒకావిడకి తన విషయంలో ఎవరూ ఆపలేదన్న కసి, ఇంకొకావిడకి తొందరగా అయిపోతే పిల్ల పడుకుంటుందన్న జాలి. ఆ మూడో ఆవిడ చేతులు ఎలా ఉంటాయో దగ్గరగా చూసి రాయి. నీ మంచి పేరా అదే అవుతుంది.

కారా మాస్టారి, అదే కాళీపట్నం రామారావు గారి కథ 'యజ్ఞం' నీ దగ్గర ఉందిగా. అందులో హోమగుండం లేదు. అప్పు, పంచాయితీ, మాట నిలబెట్టుకోవాలన్న ధర్మం, అన్నీ మర్యాదగా నడుస్తాయి. చివరికి తండ్రి కొడుకును చంపుకుంటాడు. పేరులోని ఆ ఒక్క మాట తిరిగొచ్చి కథంతటినీ పట్టుకుంటుంది. పేరు పెట్టడం అక్కడ నేర్చుకో, ఆ తర్వాత 'పగిలిన గాజులు' కొట్టెయ్యి.

ఇంకో రెండు ముక్కలు. ఈ తంతు కులానికో తీరు, ఊరికో తీరు. కొన్నిచోట్ల తొమ్మిదో రోజు, కొన్నిచోట్ల పదకొండు, చాలా ఇళ్ళలో అసలు మానేశారు. ఒక్క ఇంటిని ఎంచుకుని అక్కడి వాళ్ళను అడిగి రాయి, కలగాపులగం చెయ్యకు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామం 2022 మేలో ఈ తంతులన్నీ వద్దని తీర్మానం చేసింది. అది నీకు తెలిసుండాలి, కథలో పెట్టకు. పాత్ర నోట తీర్మానం చదివిస్తే కథ కరపత్రమవుతుంది.

మీ నాన్న వైపు వాళ్ళు గుర్తుపట్టేలా ఒక్క గుర్తూ ఉంచకు. ఊరు మార్చు, వృత్తి మార్చు, పిల్లల సంఖ్య మార్చు. పిరికిదాన్నంటావు, అను. మీ మేనత్త ఇంకా బతికే ఉంది, ఆవిడ కథలు చదువుతుంది కూడా.

జాక్సన్ కథ చదివి ఆ వేసవిలో మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయట, ఆవిడే చెప్పింది. దయగా మాట్లాడినవి పదమూడు, అవీ ఎక్కువగా స్నేహితులవే. ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, చూడ్డానికి వెళ్ళొచ్చా అని అడిగినవాళ్ళున్నారు! నీకూ వస్తాయి. జవాబు రాయకు.

చిత్తుప్రతి అవ్వగానే నాకు పంపు. ఫోన్లో చదివి వినిపించకు, నీ గొంతు వింటే నాకు తప్పులు కనబడవు. కాగితం మీద, పక్కన ఎర్రపెన్నుకు చోటు వదిలి పంపు.

మీ పెద్దమ్మ