టెక్ సందేహాలు: పాత స్పోర్ట్స్ కారు క్లచ్ ఇంట్లో మార్చేటప్పుడు ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: నా దగ్గర 1991 నాటి మాజ్డా ఎంఎక్స్-5 ఉంది. 1.6 లీటర్ ఇంజిన్, ఐదు గేర్లు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోంది కానీ కారు ఆ మేరకు వేగం అందుకోవడం లేదు. క్లచ్ పోయిందేమో చూద్దామని బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాలను చదివే పరికరం) కొన్నాను. దాన్ని తగిలించే సాకెటే కారులో కనిపించడం లేదు. వేరే మోడల్ తెప్పించుకోవాలా?

జవాబు: వద్దండి. కొన్నదాన్ని కూడా వీలైతే వాపసు ఇచ్చేయండి. ఇలాంటి బ్లూటూత్ స్కానర్లు ఓబీడీ-2 పద్ధతికి తయారైనవి. అమెరికాలో అది 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయింది. యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి. మీ కారు అంతకంటే ముందుది. అందులో బానెట్ కింద ఒక చిన్న డయాగ్నసిస్ పెట్టె ఉంటుంది కానీ అది చెప్పేది ఇంజిన్ సంగతులే. క్లచ్ ప్లేట్ ఎంత అరిగిందో కొలిచే సెన్సర్ ఆ కారులో అసలు లేదు.

క్లచ్ జారుతోందో లేదో మీ ఫోన్‌లోని జీపీఎస్‌తో తెలుసుకోవచ్చు. క్లచ్ గట్టిగా పట్టి ఉంటే ఇంజిన్ తిరిగే వేగానికీ కారు వేగానికీ మధ్య లెక్క ఎప్పుడూ ఒకటే. మీ కారులో నాలుగో గేరు నిష్పత్తి సరిగ్గా 1, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) నిష్పత్తి 4.3. కంపెనీ ఇచ్చిన 185/60 ఆర్14 టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.81 మీటర్లు కదులుతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందనుకోండి. 3000ను 4.3తో భాగించి, 1.81తో గుణించి, గంటకు కిలోమీటర్లలోకి మార్చండి. దాదాపు 76 కిలోమీటర్లు వస్తుంది. బరువుకు టైరు కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి ఒకటి రెండు తగ్గినా పట్టించుకోవద్దు. టైర్ల సైజు మారి ఉంటే ఆ చుట్టుకొలతతో లెక్క వేసుకోండి.

ఖాళీగా ఉన్న ఎత్తు రోడ్డు చూసుకుని నాలుగో గేరులో 2000 దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. పక్కన కూర్చున్నవాళ్లు జీపీఎస్ వేగాన్ని, ఆర్‌పీఎం ముల్లును కలిపి వీడియో తీయాలి. నడిపేవాళ్లు ఫోన్ వైపు చూడకూడదు. ఇంటికి వచ్చి వీడియో నెమ్మదిగా చూడండి. వేగం 76 దగ్గరే ఉండగా ముల్లు 3500 దాటిందంటే క్లచ్ జారుతున్నట్టే.

అయినా అప్పుడే గేర్‌బాక్స్ దించకండి. ముందు పెడల్‌ను వేలితో నొక్కి చూడండి. మొదట్లో కొద్దిగా ఖాళీ ఆట ఉండాలి. అది లేకపోతే కాలు తీసేసినా క్లచ్ కొంచెం నొక్కి ఉన్నట్టే లెక్క, కొత్త ప్లేట్ కూడా జారుతుంది. పెడల్ దగ్గరి రాడ్డు సర్దితే పోయే సమస్యకు కొందరు క్లచ్ మొత్తం మార్చేస్తారు. నాకు బాధ కలిగించే విషయం అదే.

ప్రశ్న: నాదీ అదే రకం కారు. క్లచ్ అరిగిందని ఖాయమైంది. ఈ వారాంతం ఇంట్లోనే మార్చాలని ఉంది. వీడియోలు బోలెడు చూశాను. ఫోన్ పక్కన పెట్టుకుని చూస్తూ చేసేస్తే సరిపోతుందా? ఏ గాడ్జెట్లు కొనాలి?

జవాబు: డబ్బు మొదట పెట్టాల్సింది గాడ్జెట్ల మీద కాదు, కారును ఎత్తి నిలబెట్టే స్టాండ్ల మీద. జాకీ ఎత్తడానికే. దాని మీద నిలిపిన కారు కింద ఒక్క నిమిషం కూడా పడుకోవద్దు. గట్టి, సమతలమైన నేల మీద నాలుగు వైపులా స్టాండ్లు పెట్టి, పైనుంచి గట్టిగా ఊపి చూసి, అప్పుడే కిందికి దూరండి. గేర్‌బాక్స్‌ను పక్కకు లాగి బయటికి తీయగలిగేంత ఎత్తు ఉండాలి. ఈ సంగతి చాలామందికి గేర్‌బాక్స్ దించాకే తెలుస్తుంది. రెండో ఖర్చు గేర్‌బాక్స్ జాకీ, లేదంటే దాన్ని మోయడానికి ఇంకో మనిషి.

ఫోన్ బాగా అక్కరకు వచ్చేది జ్ఞాపకానికి. విప్పే ముందు ప్రతి చోటా ఫొటో తీయండి. వైరు ఏ క్లిప్పులోంచి వెళ్లింది, బ్రాకెట్ ఏ బోల్టు కింద ఉంది, అన్నీ. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు బిగించే బోల్టుల్లో పొడవు తేడాలు ఉంటాయి. ఒక అట్ట మీద గేర్‌బాక్స్ ఆకారం గీసి, తీసిన బోల్టును తీసిన చోటే గుచ్చి, ఆ అట్టను కూడా ఫొటో తీయండి. శనివారం రాత్రి ఆపేసి మళ్లీ వచ్చే వారం మొదలుపెట్టాల్సి వస్తే మిమ్మల్ని ఆదుకునేది అదే.

ఈ కారులో ఒక ప్రత్యేకత ఉంది. గేర్‌బాక్స్‌నూ వెనక డిఫరెన్షియల్‌నూ కలుపుతూ పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అని పొడవాటి అల్యూమినియం దూలం ఉంటుంది. గేరు రాడ్డు, సైలెన్సర్ పైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే కడ్డీ), ఈ దూలం, స్టార్టర్ మోటార్ వస్తేనే గేర్‌బాక్స్ వస్తుంది. అన్నిటికంటే ముందు బ్యాటరీ వైరు తీసేయండి. దూలాన్ని తిరిగి ఏ ఎత్తులో బిగించాలో వర్క్‌షాప్ మాన్యువల్‌లో కొలత ఉంటుంది, అంచనా మీద బిగించకండి. స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ను కదిపేది) పైపు విప్పనక్కర్లేదు, సిలిండర్‌ను విప్పి పక్కకు కట్టేస్తే చాలు. అది అలా వేలాడుతున్నప్పుడు ఎవరూ పెడల్ తొక్కకూడదు. తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

పై బోల్టులు కంటికి కనిపించవు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్డు, దాని చివర అటూ ఇటూ తిరిగే జాయింట్ కావాలి. ఫోన్‌కు తగిలించే ఎండోస్కోప్ కెమెరా కొనదగ్గ గాడ్జెట్ ఏదైనా ఉంటే అది ఇక్కడే. సాకెట్ బోల్టు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడకుండా బలం పెడితే తల గుండ్రంగా అయిపోతుంది. ఆ తర్వాత అక్కడ పోయే సమయం మిగతా పనంతటికీ పట్టేదానికంటే ఎక్కువ.

గేర్‌బాక్స్ వచ్చాక లోపల నల్లటి పొడి కనిపిస్తుంది. గాలి కొట్టి దులపకండి. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు, మీ ప్లేట్ ఏ కాలానిదో మీకు తెలియదు. మంచి మాస్కు పెట్టుకుని, తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

ఇక్కడిదాకా వచ్చారంటే క్లచ్ ప్లేట్ ఒక్కటే మార్చి మూసేయడం తెలివైన పని కాదు. ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను అదిమిపెట్టేది), రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి వదిలించేది), ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) మధ్యలోని చిన్న పైలట్ బేరింగ్ కలిపి మార్చండి. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ దగ్గర తడి కనిపిస్తే ఫ్లైవీల్ తీసి అదీ మార్చండి. నూనె పడితే కొత్త ప్లేట్ కూడా నిలవదు. ఆ పైలట్ బేరింగ్ చిన్నదే కదా అని వదిలేసి, నెల తిరక్కుండా గేర్‌బాక్స్ మళ్లీ దించినవాళ్లు నాకు తెలుసు. ఆర్డర్ చేసేటప్పుడు ఇంజిన్ సైజు సరిచూసుకోండి. 1.6 లీటర్ కారు ప్లేట్ 200 మిల్లీమీటర్లు, తర్వాత వచ్చిన 1.8ది 215.

బిగింపులో రెండే తప్పులు అన్ని కష్టాలకూ మూలం. ఒకటి, ప్లేట్‌ను తిరగేసి పెట్టడం. ఏ వైపు ఫ్లైవీల్‌కు ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది, లేకపోతే మాన్యువల్ చూడండి, బిగించే ముందు ఒక ఫొటో తీసుకోండి. రెండోది, గేర్‌బాక్స్ పూర్తిగా దగ్గరికి రాకముందే బోల్టులు బిగించి లాగడం, లేదా దాని బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ ముందుకు పొడుచుకు వచ్చే కడ్డీ) మీద వేలాడనివ్వడం. ప్లేట్‌ను సరిగ్గా మధ్యలో ఉంచడానికి ప్లాస్టిక్ అలైన్‌మెంట్ కడ్డీ వాడండి, చాలా క్లచ్ కిట్లలో అది వస్తుంది. ప్రెషర్ ప్లేట్ బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. షాఫ్ట్ పళ్లకు గ్రీజు పలచగా రాస్తే చాలు. ఎక్కువైతే విసిరికొట్టి ప్లేట్ మీద పడుతుంది. అంతా సరిగ్గా ఉంటే గేర్‌బాక్స్ చేతి బలంతోనే లోపలికి జారి కూర్చుంటుంది. కూర్చోకపోతే వెనక్కి లాగి మళ్లీ ప్రయత్నించండి. బోల్టులకు ఆ పని అప్పగించకండి.

ప్రశ్న: ఫ్లైవీల్ బోల్టులు ఎంత టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించాలని ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే రెండుసార్లు రెండు అంకెలు చెప్పింది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మవద్దు. ఆ అంకె మీ మోడల్, మీ సంవత్సరం వర్క్‌షాప్ మాన్యువల్ నుంచే రావాలి. మాన్యువల్ పీడీఎఫ్ ఇచ్చి ఏ పేజీలో ఉందో వెతికిపెట్టమని అడగడంలో తప్పు లేదు, వందల పేజీల్లో అది నిజంగా ఉపయోగం. అయితే ఆ పేజీ తెరిచి అంకెను మీ కళ్లతో చూడండి. ఆ పేజీలను ఆఫ్‌లైన్‌లో సేవ్ చేసుకోండి, కారు కింద పడుకున్నప్పుడు నెట్ ఉంటుందో ఉండదో.

యూనిట్లు కూడా చూడండి. పాత మాన్యువళ్లలో న్యూటన్ మీటర్లు, కిలోగ్రామ్-ఫోర్స్ మీటర్లు, ఫుట్ పౌండ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒక ఫుట్ పౌండ్ అంటే 1.36 న్యూటన్ మీటర్లు. ఒక కిలోగ్రామ్-ఫోర్స్ మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు. డిజిటల్ టార్క్ రెంచ్‌లో యూనిట్ మార్చే బటన్ పొరపాటున నొక్కుకుపోతే, అదే అంకె దగ్గర ఆపినా బిగింపు మారిపోతుంది. ప్రతి బోల్టుకూ ముందు తెర మీద యూనిట్ చదవండి.

ప్రశ్న: పాత పోర్షే 944 కొనాలనుకుంటున్నాను. దాని క్లచ్ కూడా ఇంట్లో మార్చుకోవచ్చా?

జవాబు: మొదటిసారి చేసేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. 944లో ఇంజిన్ ముందు, గేర్‌బాక్స్ వెనక ఇరుసు దగ్గర, రెండిటినీ కలుపుతూ మధ్యలో ఒక గొట్టం. క్లచ్ మాత్రం ఇంజిన్ వెనకే ఉంటుంది. దాన్ని చేరాలంటే గేర్‌బాక్స్‌ను, గొట్టాన్ని వెనక్కి జరపాలి. కొనే ముందు క్లచ్ ఎప్పుడు మార్చారో బిల్లు అడిగి చూడండి. కంపెనీ వేసిన ప్లేట్ మధ్యలో రబ్బరు ఉంటుంది. ఎక్కువ తిరగని కారులో కూడా వయసుకే అది చిట్లుతుంది. స్ప్రింగులున్న ప్లేట్‌తో మార్చి ఉంటే మంచిది.

ప్రశ్న: ఎంఎక్స్-5కు కొత్త క్లచ్ వేశాం. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేర్లు పడుతున్నాయి, స్టార్ట్ చేస్తే పడటం లేదు. మళ్లీ దించాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: దించే ముందు ఇది చేయండి. స్లేవ్ సిలిండర్ పక్కన చిన్న స్కేలు పెట్టి, ఇంకొకరు పెడల్ తొక్కుతుంటే దాని రాడ్డు కదలికను స్లో మోషన్‌లో తీయండి. రాడ్డు చాలా తక్కువ కదిలితే లోపం గేర్‌బాక్స్ లోపల కాదు. పైపులో గాలి ఉంది, లేదా మాస్టర్ (పెడల్ దగ్గరిది), స్లేవ్ సిలిండర్ల రబ్బరు సీళ్లు పోయాయి. గాలి తీసేసి, క్లచ్ ఫ్లూయిడ్ డబ్బా మూత మీద రాసి ఉన్న రకం ఫ్లూయిడ్ పోయండి. డాట్ 3, డాట్ 4 అయితే పెయింట్ మీద పడకుండా చూసుకోండి, పడితే వెంటనే నీళ్లతో కడగండి. డాట్ 5 సిలికాన్‌తో చేసింది, వాటితో కలపకూడదు.

రాడ్డు సరిగ్గానే కదులుతుంటే ప్లేట్ బిగించే ముందు తీసిన ఫొటో తెరిచి చూడండి. ప్లేట్ తిరగబడి ఉంటే అందులోనే తెలిసిపోతుంది. సరిగ్గానే ఉంటే పైలట్ బేరింగ్ బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా బిగించేటప్పుడు ప్లేట్ వంగి ఉండవచ్చు. వీటిలో ఏదైనా గేర్‌బాక్స్ దించక తప్పదు. ఈసారి బోల్టులు ఎక్కడివో మీకు తెలుసు కాబట్టి సగం సమయమే పడుతుంది. తిరిగి బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ఎత్తులో క్లచ్ మీద కారును నిలిపి ఉంచకండి, బరువులు లాగకండి.