డెంటిస్టు అవ్వాలా వద్దా అని తేల్చుకోలేని మేనకోడలికి

చి. లహరికి,
అత్త ఆశీస్సులు.

నీట్‌లో వచ్చిన ర్యాంకుకి ఎంబీబీఎస్ కష్టమని, పళ్ల డాక్టరు చదువు బీడీఎస్‌లో చేరాలో మళ్లీ లాంగ్ టర్మ్ కోచింగ్‌కి వెళ్లాలో తేలడం లేదని మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు పళ్ల డాక్టరువి కదా, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. వాడికి చెప్తే నీకు సగమే చేరుతుంది. అందుకే నీకే రాస్తున్నాను.

నీ మనసులో ఉన్నది ఎంబీబీఎస్సే అయితే ఇంకో ఏడాది చదువు, తప్పులేదు. "అది రాలేదు కాబట్టి ఇది" అని బీడీఎస్‌కి మాత్రం రావద్దు. అలా వచ్చినవాళ్లు ఐదేళ్లూ పక్క మెడికల్ కాలేజీ వైపే చూస్తూ గడపడం చూశాను. వాళ్లకి తెలివి లేక కాదు, చేతిలో ఉన్న పని మీద మనసు నిలవలేదు. మన పనికి మనసూ చెయ్యీ ఒకచోట ఉండాలి.

ఎందుకో చెప్తాను. ఈ వృత్తి గురించి నాకు తెలిసిన అసలు మాట ఇదే: నోట్లో మనం చేసే పని రోగికి కనబడదు. జాకెట్టు కుట్టించుకున్న మనిషి ఇంటికెళ్లి అద్దంలో చూసుకుంటే కుట్టు వంకర పోయిందో లేదో తెలిసిపోతుంది. రూట్ కెనాల్, అంటే పన్ను వేర్లలోని సన్నని కాలువలు శుభ్రం చేసి నింపడం, చేయించుకున్న మనిషికి ఏం తెలుస్తుంది? పై దవడలో మొదటి పెద్ద పన్ను ఉంది కదా, దానికి వేర్లు మూడు. కాలువలూ మూడే అనిపిస్తుంది, కానీ చాలామందిలో నాలుగోది దాగి ఉంటుంది. వెతకాలంటే ఓపిక కావాలి, ఒక్కోసారి ఇంకో అరగంట పడుతుంది. వెతక్కుండా మూడు నింపి క్యాప్ పెట్టేసినా ఆ రోజుకి నొప్పి తగ్గుతుంది, డబ్బులిచ్చి దండం పెట్టి వెళ్తారు. కొన్నాళ్ల తర్వాత వేరు కింద చీము పడితే "నా పన్నే మంచిది కాదు" అనుకుంటారు తప్ప మనల్ని అనరు. ఎవరూ అడగని ఆ అరగంట పెట్టగలవా? పెట్టగలను అనిపిస్తే ఈ చదువు నీదే.

ఇక చదువు సంగతి. నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. వాటిలో వస్తే ఇంకేం ఆలోచించకు. ప్రైవేటు అయితే కట్టడం, హాస్టల్, బస్సు చూసి మురిసిపోవద్దు. మామూలు పనిదినం ఉదయం పది గంటలకి మీ నాన్నని తీసుకుని ఓపీలో కూర్చో. ఎంతమంది రోగులు వస్తున్నారు, కుర్చీల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయి, విద్యార్థులు పని చేస్తున్నారా, ఫోన్లు చూసుకుంటున్నారా గమనించు. రోగులు లేని కాలేజీలో పుస్తకాలు వస్తాయి గానీ పని రాదు. కొన్నిచోట్ల ఇన్ని కేసులు చేయాలన్న కోటా పూర్తి చేయడానికి పిల్లలే బస్సు చార్జీలిచ్చి బంధువుల్ని తెచ్చుకుంటారు. కట్టుడు పళ్ల పరీక్ష రోజున పళ్లు లేని ముసలాయన కోసం ఊరంతా తిరుగుతారు. ఆ అవస్థ నీకు వద్దు.

మొదటి ఏడాది మైనపు దిమ్మ ఇచ్చి దాన్నుంచి పన్ను చెక్కమంటారు. చాలామంది దాన్ని శిక్షలా చూస్తారు. నువ్వు అలా చూడకు. గుంట ఎక్కడ, గట్టు ఎక్కడ, పక్క పన్నుకి తగిలే చోటు ఎక్కడ అన్నది వేళ్లకి అప్పుడే పడుతుంది. రేపు పిప్పి పన్నుకి సిమెంటు పెట్టేటప్పుడు కింద పన్ను దానికి సరిగ్గా ఆనాలంటే ఆ మైనమే దిక్కు. రెండో ఏడాది బొమ్మ తలల మీద పని నేర్పుతారు. పై పళ్ల మీద పని చేసేటప్పుడు మెడ వంచి నోట్లోకి తొంగిచూడటం అలవాటు చేసుకోవద్దు. నిటారుగా కూర్చుని చిన్న అద్దంలో చూస్తూ చెయ్యి. అద్దంలో అన్నీ తిరగబడి కనిపిస్తాయి, మొదట్లో ఏడుపొస్తుంది, అయినా వదలకు. నాతో చదివినవాళ్లలో మెడ నొప్పి, నడుం నొప్పి లేనివాళ్లు తక్కువ. ఆ నొప్పులు లేని కొద్దిమందీ ఈ ఒక్క అలవాటూ పట్టుబట్టి నేర్చుకున్నవాళ్లు.

మూడో ఏడాది జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ ఉంటాయి. "మనకెందుకివి" అని గట్టెక్కితే చాలనుకుంటారు. పన్ను పీకించుకోవడానికి వచ్చే మనిషికి షుగర్ ఉంటుంది, గుండెలో స్టెంట్ ఉంటుంది, రక్తం పలచబడే మాత్రలుంటాయి. ఆ మాత్రలు మనంతట మనం ఆపించకూడదు, ఆయన్ని చూసే గుండె డాక్టరుతో మాట్లాడాలి. మాట్లాడాలంటే ముందు ఆయన భాష నీకు రావాలి కదా. రోగుల్ని ముట్టుకోక ముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తి చేసుకో. ఆరు నెలలు పడుతుంది, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను, రెండుసార్లు చదువు. నొప్పి ఉన్న పన్ను ఒక్కటే చూసి నోరు మూయించకు. నాలుక ఎత్తించు, నాలుక అంచులు చూడు, బుగ్గల లోపల చూడు, అంగిలి చూడు. మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్టకి వెలిగించిన కొసను నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ఏళ్ల తరబడి ఆ నిప్పు వేడికి అంగిలి తెల్లబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ చెప్పరు. ఆ అమ్మ నీ దగ్గరికి కదులుతున్న పన్ను కోసం వస్తుంది. అంగిలి మీద పుండో గడ్డో నువ్వు చూడకపోతే ఇంకెవరూ చూడరు. కుర్రాళ్లది ఇంకో కథ. గుట్కా, వక్కపొడి నమిలి నమిలి పాతికేళ్లకే బుగ్గలు బిగుసుకుపోతాయి. నోట్లో మూడు వేళ్లు నిలువుగా పెట్టించి చూడు, పట్టకపోతే గట్టిగా అడుగు, మాన్పించు. రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, మరీ ముఖ్యంగా ఎర్ర మచ్చ కనిపిస్తే ముక్క పరీక్షకి (బయాప్సీకి) పంపు. విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చీటీ రాసి ఊరుకోకుండా ఇంట్లోవాళ్లని పిలిచి చెప్పి, వెళ్లారో లేదో వారం తర్వాత ఫోన్ చేసి కనుక్కో. నోటి క్యాన్సర్ మొదట్లోనే దొరికితే చిన్న ఆపరేషన్‌తో బతికి బట్టకట్టే జబ్బు. ముదిరాక దవడ తీసేయాల్సి వస్తుంది. పళ్ల డాక్టరు ప్రాణం కాపాడతాడా అని ఎవరైనా నవ్వితే ఈ మాట చెప్పు.

పని దొరకడం గురించి మీ నాన్న భయం నిజమే. దేశంలో 300 పైచిలుకు డెంటల్ కాలేజీలున్నాయి, పట్నాల్లో సందుకో క్లినిక్ ఉంది. బయటికొచ్చిన కొత్తలో ఇంకొకరి క్లినిక్‌లో చేస్తే వచ్చే జీతం చిన్నది. సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిన నీ స్నేహితులతో పోల్చుకుంటే రాత్రి నిద్ర పట్టదు. నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచు. అప్పు చేసి పెద్ద క్లినిక్ తెరిచేయకు. కిస్తీ కట్టాల్సిన నెలలో ప్రతి పన్నుకీ క్యాప్ కావాలనిపిస్తుంది, ఆ బుద్ధి పుట్టే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఒక కుర్చీతో మొదలుపెట్టు. పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ యంత్రం దగ్గర మాత్రం రూపాయి మిగల్చకు. పరికరాలు కవర్లో పెట్టి అందులో శుద్ధి చేసి, రోగి ముందే ఆ కవరు చింపు. వాళ్లు చూడగలిగే కొద్ది పనుల్లో అదొకటి, చూడనివ్వు.

పట్నంలోనే ఉండాలని లేదు. మండల కేంద్రాల్లో ఇప్పటికీ పన్ను నొప్పొస్తే మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని మింగేవాళ్లే ఎక్కువ. పై పన్ను పీకితే చూపు పోతుందని, క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని నమ్ముతారు. కసురుకోకు. క్లీనింగ్‌కి ముందు గార ఎంత ఉందో అద్దంలో చూపించు, తీశాక మళ్లీ చూపించు. పన్ను ఊగుతున్నట్టు ఉండటం గార పోయినందుకు కాదు, అది లోపల ఎముకని ముందే తినేసినందుకని చెప్పు. ఒక ఇంట్లో ఒకరు నమ్మితే వీధంతా వస్తుంది.

బీడీఎస్ తర్వాత చేసే పీజీ, ఎండీఎస్ గురించి ఇప్పుడే బెంగ వద్దు, మూడేళ్ల చదువు, బీడీఎస్ చివర్లో నీ చెయ్యే చెప్తుంది. అందరూ క్లిప్పుల వైపు, రూట్ కెనాల్ వైపు పరుగెడతారు. ఊరి మొత్తం పళ్ల ఆరోగ్యం చూసే పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీని చిన్నచూపు చూస్తారు. కనిగిరి, నల్గొండ వైపు పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు చూస్తే ఆ మాట అనరు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్లో ఎన్ని కుర్చీలు వేసినా లాభం లేదు, నీళ్లు మారాలి. అమెరికా గురించి మీ పిన్ని ఆశ పెడుతోందని విన్నాను. బీడీఎస్ పట్టాతో అక్కడ నేరుగా ప్రాక్టీసు పెట్టలేం. ఐఎన్‌బీడీఈ అనే అక్కడి డెంటల్ బోర్డు పరీక్ష రాసి, మామూలుగా అక్కడి కాలేజీలో మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి, ఫీజు చాలా ఎక్కువ. వెళ్లకూడదని కాదు, లెక్క తెలిసి వెళ్లు.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టకముందే ఒక వారం ఇక్కడికి రా. పొద్దున తొమ్మిదికి క్లినిక్‌లో మూల స్టూల్ మీద కూర్చో, రోగుల్ని అడిగి వాళ్లు ఒప్పుకుంటే పక్కన నిలబడి చూడు. రక్తం, చీము, నోటి వాసన, ఏడ్చే పిల్లలు, బేరమాడే పెద్దలు అన్నీ చూశాక ఇంకా ఇష్టంగానే ఉంటే మీ నాన్నతో నేను మాట్లాడతాను. లేదనిపిస్తే అదీ మొహమాటం లేకుండా చెప్పు, లాంగ్ టర్మ్ ఫీజు సగం నేను కడతాను. వచ్చేటప్పుడు బూట్లు తెచ్చుకో, చెప్పులతో క్లినిక్‌లో తిరగనివ్వను.

మీ అత్త,
విజయనగరం