స్టాటిక్ వల్ల కంప్యూటర్ పార్టులు నిజంగా పోతాయా? కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమనేది కూడా అదేనా?

మీరు అడిగినవి రెండు. మొదటిసారి సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకుంటున్నారు, వీడియోల్లో అందరూ ఒట్టి చేతులతోనే బిగించేస్తున్నారు కదా, ఈ స్టాటిక్ (రాపిడి వల్ల ఒంట్లో చేరే కరెంటు) భయం నిజమేనా అన్నది ఒకటి. ఇంట్లో పాత కంప్యూటర్ కేబినెట్‌ని, అంటే బయటి రేకు డబ్బాని, ముట్టుకుంటే షాక్ కొడుతోంది, అదీ స్టాటిక్కేనా అన్నది రెండోది. రెండోది స్టాటిక్ కాదండీ. దాని సంగతి కింద రాశాను, దయచేసి అక్కడిదాకా చదవండి. రెండింటిలో పెద్ద విషయం అదే.

నేను కాకినాడలో ఎనిమిదేళ్లు కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేశాను. పొద్దున్నుంచి రాత్రిదాకా సీపీయూలు విప్పడం, బిగించడమే పని. మాలో ఎవరి చేతికీ రిస్ట్ స్ట్రాప్ (ఒంట్లోని స్టాటిక్‌ని ఎర్తుకు పంపే పట్టీ) ఉండేది కాదు. స్టాటిక్ వల్ల పోయిందేమో అని అనుమానించిన పార్టు ఒక్కటి కూడా గుర్తులేదు. మమ్మల్ని కాపాడింది సముద్రపు గాలిలోని తేమ అని అప్పట్లో నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే హైదరాబాద్ వచ్చాను.

వచ్చిన మొదటి జనవరిలో ఇంట్లోకి ఒక సిస్టమ్ అసెంబుల్ చేశాను. రాత్రి పది దాటింది. చలిగా ఉందని మింక్ దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని మాన్యువల్ చదువుతున్నాను. దుప్పటి పక్కకు తోసి లేస్తుంటే చిటపటమంది. అలాగే బల్ల దగ్గరికి వెళ్లి ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) ప్యాకెట్ చింపాను. బంగారు పూత ఉన్న అంచుకు చూపుడువేలు తగిలి చురుక్కుమంది. ఒక్క క్షణం ఆగి, స్లాట్‌లో పెట్టి ఆన్ చేశాను. చక్కగా ఆన్ అయింది. ఇక దాన్ని మర్చిపోయాను.

మూడు వారాల తర్వాత అప్పుడప్పుడూ సిస్టమ్ ఆగిపోయి బ్లూ స్క్రీన్ రావడం మొదలైంది. విండోస్ గొడవేమో అనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఆ మధ్యలోనే అమ్మానాన్నల షష్టిపూర్తి ఫోటోలు మెమరీ కార్డు నుంచి ఈ సిస్టమ్‌లోకి కాపీ చేసి, కార్డు ఫార్మాట్ చేసేశాను. తర్వాత తెరిచి చూస్తే కొన్ని ఫోటోలు సగం నుంచి కిందికి బూడిద రంగు పట్టీ. తలంబ్రాలు పోస్తున్న ఫోటోలో ఇద్దరి ముఖాలూ ఉన్నాయి, చేతులు లేవు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ వేసి రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి ఎర్రర్లన్నీ ఒకే అడ్రస్ దగ్గర కనబడ్డాయి. స్లాట్ మార్చినా ఎర్రర్ ఆ ర్యామ్ స్టిక్‌తోపాటే వెళ్లింది. రెండో స్టిక్ ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ చురుక్కుమన్నదే కారణమని కోర్టులో రుజువు చేయలేను. కానీ ఆ రోజు నుంచి ఒట్టి చేతులతో బోర్డు ముట్టుకోలేదు.

ఇందుకే వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకోవద్దంటాను. పార్టు పెట్టిన రోజు ఆన్ అయిందంటే, ఆ రోజు ఆన్ అయిందని మాత్రమే అర్థం. చిప్పులో ఒక్కో ట్రాన్సిస్టర్ (బుల్లి స్విచ్) గేటు కింద కరెంటును అడ్డుకునే పొర మందం కొన్ని నానోమీటర్లు. మన వెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల దాకా ఉంటుంది. అంత పల్చటి పొరకు చిన్న చిల్లు పడితే కొన్నిసార్లు చిప్పు అక్కడికక్కడే పోతుంది. కొన్నిసార్లు బలహీనపడి, వాడగా వాడగా వేడికి మొరాయిస్తుంది. పోయిన పార్టునైతే వారంటీలో మార్చుకుంటాం. సగం చచ్చిన ర్యామ్ మాత్రం మనకు తెలియకుండా ఫైళ్లను పాడుచేస్తూ ఉంటుంది.

మనిషి ఒంటికి స్టాటిక్ తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. చిప్పుల కాళ్ల దగ్గర రక్షణ కోసం చిన్న డయోడ్లు పెడతారు, నిజమే. కానీ అవి సాధారణంగా 1,000, 2,000 వోల్టుల స్థాయికి పరీక్షించినవి. కొన్ని సున్నితమైన భాగాలకైతే వంద వోల్టులే ఎక్కువ. అంటే మనకు ఏమీ తెలియని దెబ్బ కూడా చిప్పుకు తగులుతుంది. మన ప్రాణానికి ఏమీ కాకపోవడానికి కారణం, అది సెకనులో కోటో వంతు సమయంలోనే అయిపోవడం. ఆ కాస్త సమయంలోనే ఒకటి రెండు ఆంపియర్లు చిప్పులోంచి పోతాయి.

గాలి పొడిగా ఉంటే చాలా తేడా వస్తుంది. బాగా పొడి గాలిలో కార్పెట్ మీద నడిస్తే ఒంట్లో 35,000 వోల్టుల దాకా చేరవచ్చు. తేమ 65 శాతం దాటిన చోట అదే నడకకు 1,500 దగ్గర ఆగుతుంది. కాబట్టి కాకినాడ, వైజాగ్‌లలో భయం తక్కువ. హైదరాబాద్‌లో చలికాలం, ఎండాకాలం మధ్యాహ్నాలు, ఎక్కడైనా సరే ఏసీ గది, అమెరికాలో హీటర్ వేసిన ఇళ్లు, వీటిలో జాగ్రత్త తప్పనిసరి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. పాలిస్టర్, ఉన్ని బట్టలు కాకుండా నూలు బట్టలు వేసుకోండి. మంచం మీద, కార్పెట్ మీద కాకుండా చెక్క బల్ల మీద పని పెట్టుకోండి. కరెంటు ప్లగ్గు పూర్తిగా తీసేయండి. కేబినెట్‌లో రంగు లేని చోట, అంటే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) స్క్రూల దగ్గర, చేయి పెట్టండి. మోచేయి దానికి ఆనించి ఉంచితే ఇంకా మంచిది. పార్టును కవర్‌తో సహా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కేబినెట్ ముట్టుకుని, అప్పుడే కవర్ విప్పండి. మీరు, పార్టు, కేబినెట్ మూడూ ఒకే వోల్టేజీలో ఉంటే ఇక దూకడానికి ఏమీ ఉండదు. అసలు కిటుకు ఇదే. ఎర్తింగ్ లేని ఇంట్లో కూడా ఇది పనిచేస్తుంది.

బోర్డును అంచులు పట్టుకుని ఎత్తండి. ర్యామ్ అంచునూ ప్రాసెసర్ సాకెట్‌లోని పిన్నులనూ వేలితో తాకొద్దు. వెండి రంగు కవర్ లోపల పార్టు భద్రంగా ఉంటుంది గానీ, దాని పైన బోర్డు పెట్టి ఆన్ చేసి చూడకండి. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద పెట్టుకోండి. రిస్ట్ స్ట్రాప్ కొనుక్కుంటే తప్పకుండా వాడండి, కానీ అందులో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉండాలి. పొరపాటున కరెంటు ఉన్న చోట తగిలినా ప్రాణం కాపాడేది ఆ రెసిస్టరే. స్ట్రాప్ లేదని చేతికి ఉత్త తీగ చుట్టుకుని ఎర్తుకు కలపడం ఎప్పుడూ చేయకండి.

ఇక మీ పాత కేబినెట్ షాక్. స్టాటిక్ అయితే ఒక్కసారి చురుక్కుమని పోతుంది. మళ్లీ వెంటనే ముట్టుకుంటే ఉండదు. ముట్టుకున్నంతసేపూ జిలజిలలాడుతోందంటే కేబినెట్‌కు ఎర్తింగ్ సరిగా అందడం లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు కేబినెట్ రేకుకు కలిసి ఉంటాయి. ఎర్తింగ్ ఉంటే వాటి గుండా వచ్చే కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు మీద 230లో సగం, సుమారు 115 వోల్టులు నిలబడుతుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. ఇప్పుడు వచ్చేది తక్కువ కరెంటే. కానీ రేపు లోపల ఫేజు తీగ ఊడి రేకుకు తగిలితే, ఆపడానికి ఏమీ ఉండదు. ఇంట్లో పిల్లలుంటే మరీ ప్రమాదం.

మా ఇంట్లోనూ ఇదే ఉండేది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ విప్పి చూస్తే మూడో రంధ్రం దాకా ఆకుపచ్చ తీగ రానే లేదు, వైరు మొదట్లోనే కత్తిరించి టేపు చుట్టేశారు. బాక్స్ మార్చాక కూడా జిల్లు పూర్తిగా పోలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో ఎర్త్ గుంత తవ్వి చూస్తే ఉప్పంతా కరిగిపోయి మట్టి ఎండి రాయిలా ఉంది. కొత్తగా ఉప్పూ బొగ్గూ వేయించి, ఎండాకాలం వారానికోసారి బిందెడు నీళ్లు పోస్తున్నాం.

మీ కొత్త పార్టులు వచ్చేలోపే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి. మీరు సొంతంగా సాకెట్లు విప్పొద్దు. పాత కేబినెట్‌ని ఆన్ చేసి ఆయనతోనే టెస్టర్ పెట్టించండి. అది వెలగడం ఆగాకే కొత్త మదర్‌బోర్డు కవర్ విప్పండి.