నారింజ తల్లి, నల్ల తండ్రి: కూనల్లో మగవేవో రంగే చెబుతుంది

తల్లి నారింజ రంగు, తండ్రి నల్ల గండుపిల్లి, కూనల్లో రెండు నారింజవి, రెండు నలుపు-నారింజ కలగలుపువి, ఆడో మగో తెలియట్లేదన్నారు కదండీ. ఈ జత విషయంలో రంగు చూస్తే చాలు. నారింజవి మగవి, కలగలుపువి ఆడవి.

నారింజ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగకూనకున్న ఒకే ఒక్క ఎక్స్ తల్లిదే. కాబట్టి కొడుకులు నారింజే, తండ్రి నలుపుకు అక్కడ చోటే లేదు. ఆడకూనకు తల్లి నుంచి నారింజ ఎక్స్, తండ్రి నుంచి నలుపు ఎక్స్ వస్తాయి. గర్భంలో ఉండగానే ఒక్కో కణంలో రెంటిలో ఒకటి మూతపడుతుంది, ఆ కణం నుంచి పుట్టినవన్నీ అదే దారి పడతాయి. ఆ రంగుల మడులు అలా వచ్చినవే. (1961లో జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ ఎలుకలను చూసి ఈ సంగతి ప్రతిపాదించారు.) తెల్ల మచ్చలది వేరే జన్యువు, వాటిని పట్టించుకోకండి.

అనుమానముంటే తోక ఎత్తి చూడండి. మలద్వారానికీ కింది రంధ్రానికీ మధ్య ఎడం ఎక్కువుంటే మగది. రెండూ దగ్గరగా ఉండి, కిందిది నిలువు గీతలా కనిపిస్తే ఆడది.

నారింజ కూన ఆడదని తేలిందా, దాని తండ్రి మీ నల్లది కాదు, ఇంకో నారింజ గండుపిల్లి. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రులుండటం పిల్లుల్లో మామూలే. కలగలుపుది మగదైతే బహుశా ఎక్స్‌ఎక్స్‌వై, అంటే మగవాటికుండే ఎక్స్, వై క్రోమోజోములతో పాటు ఇంకో ఎక్స్ అదనంగా ఉన్నది అయ్యుంటుంది. చాలా అరుదు, వాటికి దాదాపుగా సంతానం కలగదు.