ముందు తిరగేసి చూడు అల్లుడూ

చి. అల్లుడికి మామయ్య దీవెనలు.

నువ్వు లీడ్స్‌లో చేరి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే పాత ఫుట్‌బాల్ జెర్సీల పిచ్చి పట్టిందని మీ అమ్మ ఫోన్లో వాపోయింది. నాలుగు చీవాట్లు పెట్టమంది. మాంచెస్టర్‌లో మా ఇంట్లో ఒక బీరువా నిండా అవే ఉన్నాయి కదా, నేనేం మొహం పెట్టుకుని తిడతాను?

నువ్వు పంపిన ఫోటో చూశాను. 1990 పశ్చిమ జర్మనీ జెర్సీ, ఛాతీ మీద నలుపు, ఎరుపు, పసుపు చారలు, ఒరిజినల్, 60 పౌండ్లే. ఆ 'లే' దగ్గరే నాకు అనుమానం. డబ్బు పంపకు. ముందు లోపలి వైపు ఫోటోలు అడుగు.

బయటి వైపు ఎవడైనా కాపీ కొడతాడు. జెర్సీ పుట్టుపూర్వోత్తరాలు లోపలే ఉంటాయి. తిరగేసి మెడ దగ్గరి లేబుల్ చూడు, పక్క కుట్టులో ఉతకడం గురించి రాసి ఉండే చిన్న లేబుల్ చూడు, బ్యాడ్జి వెనక దారాలు చూడు. నేను ఇది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను, అదీ సరిగ్గా ఈ జెర్సీతోనే. ఒక ఆదివారం కార్ బూట్ సేల్‌లో, అదే, జనం పాత సామాన్లు కారు డిక్కీల్లో తెచ్చి అమ్ముకునే సంతలో దొరికింది. మెడ లేబుల్ లేదు. గుచ్చుకుంటోందని కత్తిరించేశానన్నాడు అమ్మినతను. నిజమే, చాలామంది కత్తిరిస్తారు. 45 పౌండ్లు ఇచ్చి ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. సాయంత్రం మీ అత్తయ్య ఉతకబోతూ, "ఏమండీ, 1990లో వెబ్‌సైట్లు ఉండేవా?" అంది. పక్క కుట్టులోని లేబుల్ మీద శుభ్రంగా డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ అని అచ్చేసి ఉంది! పాత డిజైన్‌తో తర్వాతి కాలంలో తయారైన రెట్రో జెర్సీ అది. రెట్రో వేసుకోవడం తప్పేం కాదు, పక్కాగా లైసెన్సు తీసుకుని చేసేవాళ్లున్నారు. లేబుల్ కత్తిరించి పాతదని అమ్మడమే మోసం. ఇంటికి ఎవరొచ్చినా మీ అత్తయ్య ఈ కథ చెప్పకుండా కాఫీ ఇవ్వదు.

లేబుల్ మీద దేశం పేరు కూడా చదువు. 'మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ' అని ఉంటే అది ఆ రోజుల నాటిదనుకోవచ్చు, 1990 అక్టోబర్‌లో రెండు జర్మనీలూ ఒకటయ్యాయి. ఆ లేబుల్‌ని కూడా తెచ్చి కుట్టే ఘనులుంటారు, అందుకే కుట్టు దారం రంగు, మిగతా చోట్ల ఉన్న దారం ఒకటేనా అని చూడు. అడిడాస్ మూడాకుల గుర్తు చూసి మురిసిపోకు. 1990ల మొదట్లో జట్ల జెర్సీల మీద దాన్ని తీసి మూడు అడ్డపట్టీల గుర్తు పెట్టారు గానీ, రెట్రో జెర్సీల మీద ఆ మూడాకులు మళ్లీ వచ్చాయి. 2000ల తర్వాతి నైకీ, అడిడాస్ అయితే పని తేలిక. లోపలి చిన్న లేబుల్ మీద కోడ్ ఉంటుంది, గూగుల్‌లో కొట్టు. వేరే జట్టు నిక్కరు వస్తే ఇక బేరం ఆడకు. అంతకు ముందువాటిలో కోడ్ లేకపోతే కంగారు పడకు.

ఇంకోటి. ఇంగ్లండ్ లీగ్‌లో వీపు మీద ఆటగాళ్ల పేర్లు మొదలైంది 1993 సీజన్‌లో. 1985 నాటి క్లబ్ జెర్సీ వెనక పేరు కనిపిస్తే, అది తర్వాత ఎవరో వేయించిందే.

సైజు అక్షరాన్ని నమ్మకు. 90ల్లో అంబ్రో కంపెనీ జెర్సీలు గోనెసంచుల్లా ఉండేవి, 80ల్లోవి ఒంటికి అతుక్కునేవి. చంక నుంచి చంకకి ఎన్ని అంగుళాలో కొలిచి చెప్పమను.

ఏవి కొనాలంటావా? అందరూ ఎగబడేవాటి వెంట పడితే నీ స్కాలర్‌షిప్ చాలదు. ఏదో ఒక జట్టు, ఒక దశాబ్దం పట్టుకో. నా బీరువాలో నాకు ఇష్టమైంది మాంచెస్టర్ యునైటెడ్ బూడిదరంగు జెర్సీ. 1996 ఏప్రిల్ 13న సౌతాంప్టన్ మీద సగం ఆటకే 3-0తో వెనకబడ్డారు. ఆ రంగులో ఒకళ్లకొకళ్లం కనపడటం లేదన్నారు, మేనేజర్ ఫెర్గూసన్ విరామంలో జెర్సీలు మార్పించాడు. అయినా 3-1తో ఓడారు. ఆ జెర్సీలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఆ తర్వాత మళ్లీ వేసుకోలేదు. అలాంటి అపశకునపు జెర్సీ ఇంట్లో ఉండాలోయ్!

'మ్యాచ్‌లో ఆటగాడు వేసుకున్నది' అనే మాట వినిపిస్తే మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయ్. 1986 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మీద మారడోనా వేసుకున్న నీలం జెర్సీ ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ మ్యూజియంలో ఉంది, మాంచెస్టర్‌లో నేను కూడా చూశాను. ఆట అయ్యాక తన జెర్సీ ఇచ్చి దాన్ని తీసుకున్నది ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జే. అంత ఆధారం ఉన్నా, 2022లో వేలానికి వస్తే అది మొదటి సగంలో వేసుకున్నదని, గోల్స్ కొట్టినప్పటిది కాదని మారడోనా కూతురు అడ్డం తిరిగింది. పాత ఫోటోలతో పోల్చి చూశాక గానీ అమ్మలేదు. 71 లక్షల పౌండ్లకి పోయింది. దానికే అంత గొడవైతే, ఆన్‌లైన్‌లో ఎవరో 'ఇది అసలుదే' అని పంపిన సంతకం కాగితం ఏపాటి?

ఉతికేటప్పుడు తిప్పి, చల్లనీళ్లలో చేత్తో ఉతుకు. డ్రయ్యర్‌లో వేశావంటే స్పాన్సర్ అక్షరాలు బీటలు వారతాయి. అచ్చు మీద ఇస్త్రీ పెట్టకు. మడతల మధ్య తెల్ల టిష్యూ కాగితం పెట్టు, పాత ప్రింట్లు జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుంటాయి. మీ అమ్మమ్మ ట్రంకు పెట్టెలో లాగా కలరా ఉండలు మాత్రం వేయకు, ఆ వాసన ఏళ్లైనా పోదు.

డిసెంబర్‌లో ఇంటికెళ్తున్నావుగా, ఒక పని చెయ్యి. కోచ్ రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జెర్సీలు కొట్లలో అమ్మినవి కావు, ఉంటే గింటే ఆటగాళ్ల ఇళ్లల్లోనే ఉండాలి. సికింద్రాబాద్‌లో పాత ఫుట్‌బాల్ కుటుంబాలు ఎవరైనా తెలుసేమో మీ నాన్నని అడుగు. కొనమని కాదు. ఎవరైనా చూపిస్తే నాలుగు ఫోటోలు తీసుకురా, లోపలి వైపు కూడా.

వచ్చే ఆదివారం తెల్లారి ఆరింటికల్లా కార్ బూట్ సేల్ దగ్గరుండాలి, కాబట్టి శనివారం రాత్రికే మా ఇంటికి వచ్చేయ్. చిల్లర తెచ్చుకో, అక్కడ చాలామంది కార్డు తీసుకోరు.

మామయ్య