ఒంగోలు ఆవు దగ్గర సంకర దూడను పెంచవచ్చా?

ప్రశ్న: మాకు రెండు జెర్సీ సంకర ఆవులు, ఒక ఒంగోలు ఆవు ఉన్నాయి. సంకర ఆవుల పాలు కేంద్రానికి పోస్తాం. ఒంగోలు ఆవును కోడెల కోసం ఉంచుకున్నాం. అది ఈని పది రోజులైంది. దూడకు వదలగా పూటకు లీటరుంపావు పిండుతున్నాం. ఒక సంకర ఆవు ఈ వారంలో ఈనేలా ఉంది. దాని దూడను ఒంగోలు ఆవుకు అలవాటు చేయవచ్చా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: చేయవచ్చు, కానీ ఒంగోలు ఆవు పాల మీద ఆశ వదులుకోవాలి. దూడకు మొదటి నెలలో రోజుకు దాని బరువులో పదో వంతు పాలు కావాలి. జెర్సీ సంకర దూడ 20–25 కిలోలు ఉంటే రెండు, రెండున్నర లీటర్లు. మీరు రోజూ పిండుకునేది సరిగ్గా అంతే. అందులో ఇంటికని అర లీటరు తీసినా ఒక దూడ ఎండిపోతుంది.

పుట్టగానే మాత్రం ఒంగోలు ఆవు దగ్గరకు పంపకండి. దాని ముర్రుపాలు ఎప్పుడో అయిపోయాయి. గంట, రెండు గంటల్లోపే సొంత తల్లి ముర్రుపాలు పట్టాలి. రోజు గడిస్తే అందులోని రక్షణ దూడ ఒంటికి పట్టదు. వాటిని పిండి సీసాతో పట్టండి, నాలుగు రోజులు. అలాగైతే సంకర ఆవు కూడా దూడ లేకుండా చేపడం, అంటే పొదుగులోకి పాలు వదలడం, నేర్చుకుంటుంది. ఇదివరకటి ఈతల్లో దూడను వదిలిన ఆవైతే మొదట్లో పాలు ఎగబట్టవచ్చు. గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, ముందు దాణా పెట్టి చూడండి. చేపు ఇంజెక్షన్ జోలికి పోవద్దు.

ఒంగోలు ఆవు వాసనతోనే దూడను పోల్చుకుంటుంది. ముందు సొంత దూడను వదిలి, చేపాక కొత్తదాన్ని వెనక కాళ్ల మధ్య నుంచి పట్టించండి. తన్నే ఆవైతే కాళ్లకు బందం వేయండి. వెనక చన్నుల్లోనే పాలెక్కువ, కాబట్టి చిన్నదానికి అవే దక్కాలి. వారం దాటినా రానివ్వకపోతే పట్టుబట్టకండి, సీసాతోనే పెంచండి. పూటకోసారి తాగించి రెండు దూడలనూ విడిగా కట్టేయాలి. రోజంతా వెంట తిరగనిస్తే ఆవు ఎదకు రావడం ఆలస్యమవుతుంది.

రెండో వారం నుంచి దూడ దాణా, లేత గడ్డి అందుబాటులో ఉంచండి. నట్టల మందు మోతాదు పశువైద్యుణ్ని అడిగి రెండు వారాల వయసులో పట్టండి. రోజుకు కిలో దాణా తినే స్థితికి, అంటే మూడు నెలలకు అటూఇటూగా, పాలు మాన్పించవచ్చు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఒంగోలు ఆవు పిడుదులను తట్టుకుంటుంది, సంకర దూడ తట్టుకోలేదు. ఆవు మీది పిడుదులు దూడకెక్కితే థైలేరియా జ్వరం రావచ్చు. దూడను అలవాటు చేసే ముందే ఆవుకు, కొట్టానికి పిడుదుల మందు కొట్టించండి. మూడు నెలలు నిండాక సంకర దూడకు థైలేరియా టీకా వేయించండి.